దొరికిందంటున్న ఆ పాత హిందీ పాట అసలెక్కడ తప్పిపోయింది?

మా చిన్నాన్న ఫోన్‌కి వారానికి ఒకటైనా వస్తుంది. "ఎవరూ వినని రఫీ పాట. అరవై ఏళ్ల తర్వాత దొరికింది. కనీసం పదిమందికి పంపండి." ఆయన పదిమందికి పంపడు. నాకొక్కడికే పంపుతాడు, కింద ఒక ప్రశ్న పెట్టి: "ఇది నిజమేనారా?"

చిన్నాన్నది కరీంనగర్. రేడియో సిలోన్ వింటూ పెరిగిన మనిషి. ఆయనకి అనుమానం వచ్చిందంటే ఎక్కడో ఏదో తేడా ఉన్నట్టే. పోయిన నెల అలా మూడు పాటలు పంపాడు. ఒకటి నిజంగా పాతదే, కానీ సినిమా పాట కాదు. రెండోది క్యాసెట్ల కాలంలో వేరే గొంతుతో మళ్లీ పాడించి అమ్మిన కాపీ. మూడోదాని సంగతి చివర్లో చెబుతాను. మూడింటి మీదా ఒకే చీటీ అంటించి ఉంది: మరుగున పడ్డ పాట. చిక్కంతా ఆ మాటతోనే. ఒకదానితో ఒకటి పొత్తులేని నాలుగైదు సంగతుల్ని మనం ఆ ఒక్క మాటతో పిలుస్తున్నాం.

నిజంగా పోయినవి, పోయాయనుకున్నవి

మొదటి రకం పాట మొత్తంగా పోయింది, ఇక రాదు. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ థియేటర్లో 'ఆలం ఆరా' విడుదలైంది. మన దేశంలో తొలి టాకీ అదే. అందులో ఏడు పాటలు. వజీర్ మహమ్మద్ ఖాన్ ఫకీరు వేషంలో పాడిన 'దే దే ఖుదా కే నామ్ పే' హిందీ సినిమాలో తొలి పాట అని ప్రతి క్విజ్ పుస్తకంలోనూ ఉంటుంది. దాన్ని ఈరోజు ఎవరూ వినలేరు. సినిమా ప్రింటు ఒక్కటీ మిగల్లేదు, ఆ పాటలకు గ్రామఫోన్ రికార్డులూ రాలేదు. మన ఎల్.వి. ప్రసాద్ 'ఆలం ఆరా'లో వేషం వేశారు, ఆ తర్వాత 'కాళిదాస్'లోనూ, తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లోనూ నటించారు. ఆ మూడు సినిమాల్లో ఒక్కదాని ప్రింటు కూడా ఇవాళ లేదు. కాబట్టి 'ఆలం ఆరా పాట దొరికింది' అని ఎవరైనా వీడియో పెడితే అది వేరే ఏదో అయి ఉంటుంది.

రెండో రకంలో సినిమా పోయింది, రికార్డు మిగిలింది. 1950ల మొదటిదాకా సినిమాలు నైట్రేట్ ఫిల్ము మీద తీసేవారు. అది ఇట్టే అంటుకుంటుంది, నిలవ ఉంటే దానంతటదే పొడి అయిపోతుంది. పైగా ఫిల్ములో వెండి ఉంటుంది. ఆడటం అయిపోయిన ప్రింట్లను వెండి కోసం కరిగించడం అప్పట్లో మామూలే. 1964లో పుణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టేనాటికే చాలావరకు పోయాయి. మిగిలిన నైట్రేట్ రీళ్లలో ఎన్నో 2003 జనవరిలో పుణేలో జరిగిన అగ్నిప్రమాదంలో బూడిదయ్యాయి. ఆ సినిమాల పాటలు మాత్రం ఇళ్లలో, అటకల మీద, లక్క పలకల్లో, అంటే పాత గ్రామఫోన్ రికార్డుల్లో బతికాయి.

మూడోది దీనికి తిరగబడ్డ కేసు. సినిమాలో పాట ఉంది, రికార్డు రాలేదు. హాస్యగాడి పాటలు, బిచ్చగాడి పాటలు, టైటిల్స్ మీద వచ్చే పద్యాలు ఇలాంటివాటిని కంపెనీలు చాలాసార్లు వదిలేశాయి. ఒక్కోసారి పాట రికార్డుగా వచ్చినా ఒక చరణం సినిమాలోనే ఉండిపోయేది.

నాలుగోది, అన్నిటికన్నా పెద్ద గుంపు. సినిమా ఉంది, రికార్డూ ఉంది, పాట మాత్రం ఎవరి నోటా లేదు. మనం 'మరుగున పడ్డ' అనేవాటిలో ఎక్కువ ఈ రకమే. ఇవి పోలేదు. సామాను మారినప్పుడల్లా పాత ఇంట్లో వదిలేసి వచ్చాం, అంతే.

లక్క పలక నుంచి ఫోన్ దాకా

కొన్నేళ్ల కింద హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లో ఒక రికార్డు కొన్నాను. పది అంగుళాల నల్ల పలక. చేతిలోకి తీసుకుంటే భోజనం పళ్లెం అంత బరువు. లక్క, రాతిపొడి కలిపి ఒత్తినది కాబట్టి కిందపడితే పెంకులాగే పగులుతుంది. లేబుల్ సగం ఊడింది. 'మహల్' అని తెలుస్తోంది, గాయని పేరుండాల్సిన చోట 'కామిని' అని ఉంది. అంచు నుంచి వెంట్రుకంత పగులు. ముల్లు పెట్టగానే ముందు ఉల్లిపాయ వేయించినట్టు చిటపట, దాంతోపాటు టక్, టక్, టక్. నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది కాబట్టి నిమిషానికి 78 టక్కులు. వాటి వెనకనుంచి, ఎక్కడో మేడ మీదినుంచి దిగి వస్తున్నట్టు ఇరవై ఏళ్ల లతా మంగేష్కర్ గొంతు.

ఒక పక్కకి మూడు నిమిషాల పైచిలుకు పడుతుంది, అంతకు మించి పట్టదు. ఆనాటి పాటలు మూడుంబావు నిమిషాలు ఉండటానికి ముఖ్య కారణం కవి సంయమం కాదు, పలక కొలత. 1960లో 'బర్సాత్ కీ రాత్' కవ్వాలీ పన్నెండు నిమిషాలు సాగుతుంది. అలాంటిది పలక మీదికి రావాలంటే ముక్కలు కావలసిందే.

'మహల్' నుంచే ఒక ఉదాహరణ. 1949 సినిమా, సంగీతం ఖేమ్‌చంద్ ప్రకాశ్. లతా పాడిన 'ఆయేగా ఆనేవాలా' తెలియని పాత పాటల అభిమాని ఉండడు. అదే సినిమాలో రాజ్‌కుమారి పాడిన 'ఘబ్రా కే జో హమ్ సర్ కో' ఉంది. రాజ్‌కుమారి, జోహ్రాబాయి అంబాలేవాలీ కలిసి పాడిన పాటా ఉంది. అదే సంగీత దర్శకుడు, అదే సినిమా, అదే సంవత్సరం. ఒకటి ఇంటింటి పాటైంది, మిగతావి పాత పాటల పిచ్చి ఉన్నవాళ్లకే పరిమితమయ్యాయి. నాకైతే రాజ్‌కుమారి పాట ఏమాత్రం తక్కువ అనిపించదు.

ఎలా జరిగిందీ ఎడబాటు? 78ల కాలంలో ఒక్కో పాటనూ విడిగా కొనుక్కునేవాళ్లు. పక్కకి ఒకటి, వెనక ఒకటి. 1960ల నుంచి ఎల్పీలు (ఎక్కువసేపు ఆడే రికార్డులు), 80ల్లో క్యాసెట్లు ఊపందుకున్నాక ఒక్కోదానిలో పది పన్నెండు పాటలు పట్టేవి. వాటిని ఏదో ఒక పేరు కింద కూర్చాలి. లతా హిట్స్, రఫీ హిట్స్, ముకేశ్ విషాద గీతాలు. రాజ్‌కుమారి పేరు మీద అట్ట వేస్తే ఎవరు కొంటారని కంపెనీ లెక్క. అమీర్‌బాయి కర్ణాటకి, పారుల్ ఘోష్, ఖుర్షీద్ ఈ వరసలో వాళ్లే. అట్ట మీద పేరు లేనివాళ్ల పాట క్యాసెట్లోకి ఎక్కలేదు. క్యాసెట్లో లేని పాట సీడీలోకి చేరడం అరుదు. అక్కడా లేనిది ఫోన్‌లోకి వచ్చే దారి ఇంకా సన్నం. పాట బాగుందా లేదా అన్నది ఈ వడపోతలో చిన్న ముక్క మాత్రమే.

ఒక చిన్న లెక్క చూద్దాం. 1950ల్లో ఏడాదికి సుమారు వంద హిందీ సినిమాలు వచ్చేవి. సినిమాకి ఎనిమిది పాటలనుకున్నా ఆ ఒక్క దశాబ్దానివే ఎనిమిది వేలు. 2017లో సరిగమ సంస్థ తెచ్చిన, పాటలు ముందే నింపి ఉండే కారవాన్ పెట్టెలో అన్ని దశాబ్దాలవీ కలిపి ఐదు వేల పాటలు. మా ఇంట్లోనూ ఒకటుంది, చిన్నాన్నకి నేనే కొనిచ్చాను. మూడు నెలలయ్యాక అన్నాడు: "అన్నీ తెలిసిన పాటలే గదరా."

రేడియో గుర్తుపెట్టిన పాటలు

1952లో కేంద్ర సమాచార మంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి నుంచి సినిమా పాటలు దాదాపు మాయమయ్యాయి. ఆ ఖాళీలోకి కొలంబో నుంచి రేడియో సిలోన్ వచ్చింది, అమీన్ సయానీ పాటల కార్యక్రమం 'బినాకా గీత్‌మాలా' అదే ఏడాది చివర్లో మొదలైంది. ఉత్తరాలు రాసి పాటలడగడం ఒక వ్యసనమైంది. ఇప్పటి జార్ఖండ్‌లో ఉన్న ఝుమ్రీ తలైయా అనే చిన్న ఊరు కేవలం ఆ ఉత్తరాల వల్లే దేశమంతా పేరు మోసింది. చివరికి 1957 అక్టోబర్ 3న ఆకాశవాణి కూడా వివిధ భారతి తెరిచింది.

పాత పాటలకు ఇక్కడే ఇల్లు దొరికింది. సిలోన్‌లో పొద్దున్నే పాత సినిమాల పాటల కార్యక్రమం వచ్చేది, ఆఖరి పాట ఎప్పుడూ కె.ఎల్. సైగల్‌ది. సైగల్ పాట మొదలైందంటే ఎనిమిది కావస్తోందని, బడికి తయారవ్వాలని చిన్నాన్న వాళ్ల లెక్క. వివిధ భారతిలో 'భూలే బిస్రే గీత్' అనే పేరుకి అర్థమే మరిచిపోయిన పాటలు. తాత ఉర్దూ మీడియంలో చదివిన మనిషి కాబట్టి మాటలకు అర్థం అడిగితే చెప్పేవాడట. తెలంగాణలో చాలా ఇళ్లలో ఈ పాటలు పరాయి భాషవి అనిపించకపోవడానికి కారణం అదే. పైగా ఆ సినిమాల హీరోల్లో ఒకరు, పైడి జైరాజ్, కరీంనగర్ మనిషే.

రేడియోకీ ఒక హద్దు ఉంది. స్టేషన్ లైబ్రరీలో పలక ఉన్న పాటే వేస్తారు, శ్రోత పేరు తెలిసిన పాటే అడుగుతాడు. అడిగిందే మళ్లీ వినిపిస్తుంది, వినిపించిందే మళ్లీ అడుగుతారు.

దొరకడం ఒక ఎత్తు, గుర్తుపట్టడం ఇంకో ఎత్తు

నా రికార్డు మీద 'కామిని' అని ఉందన్నాను కదా. అది మధుబాల వేసిన పాత్ర పేరు. గాయకుల పేరు కాకుండా పాత్ర పేరు వేయడం అప్పట్లో ఉన్నదే. పాట రేడియోలో వచ్చాక 'ఎవరీ కామిని' అని ఉత్తరాలు వెల్లువెత్తితే, కంపెనీని అడిగి లతా పేరు చెప్పాల్సి వచ్చింది. అంత పెద్ద పాట సంగతే అలా ఉంటే, ఆడని సినిమాలో పాడి మానేసిన గాయని పేరు ఎవరు అడిగారు?

అందుకే పాత పాటల వేటలో సగం పని డిటెక్టివ్ పని. ఒక ఆధారం పలక మీదే ఉంటుంది. లేబుల్ మీద సిరీస్ నంబరు, రికార్డు కంపెనీల్లో హెచ్‌ఎంవీకి 'ఎన్', కొలంబియాకి 'జీఈ' అక్షరాలతో మొదలయ్యేవి. లేబుల్ చుట్టూ నున్నటి భాగంలో గీకినట్టుండే మ్యాట్రిక్స్ నంబరు ఇంకొకటి. లేబుల్ ఊడినా అది పోదు. రెండో ఆధారం కాన్పూర్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తూ హర్‌మందిర్ సింగ్ 'హమ్‌రాజ్' కూర్చిన 'హిందీ ఫిల్మ్ గీత్ కోశ్'. దశాబ్దానికొక సంపుటం, ఒక్కో సినిమాకి పాటల మొదటి మాటలు, పాడినవారు, రాసినవారు, రికార్డు నంబర్లు. తెలియనిచోట ఊహించి రాయకుండా ఖాళీ వదిలేయడం ఆయన పద్ధతి. ఈ రంగంలో ఆ ఖాళీలకున్న విలువ నింపిన గడులకంటే తక్కువేం కాదు.

గొంతును నమ్మి పోతే బోల్తా పడతాం. సి.హెచ్. ఆత్మా 1945లో పాడిన 'ప్రీతమ్ ఆన్ మిలో' సైగల్‌దే అని ఎందరో నమ్మారు. అది సినిమా పాటే కాదు, ప్రైవేటు రికార్డు, సంగీతం అప్పటికి పేరు రాని ఓ.పి. నయ్యర్. చిన్నాన్నకి వచ్చిన మొదటి పాటా ఇలాంటిదే. తలత్ మహమూద్ 1944లో పాడిన 'తస్వీర్ తేరీ దిల్ మేరా'. పంపినవాడు దానికో సినిమా పేరు కూడా తగిలించాడు.

కాలం వెనకాముందులు కూడా తికమక పెడతాయి. 'సాహిబ్ బీబీ ఔర్ గులామ్' కోసం హేమంత్ కుమార్ తన సంగీతంలోనే ఒక పాట పాడారు. 1962లో సినిమా విడుదలయ్యేసరికి అది ఎగిరిపోయింది. 1966లో 'అనుపమ'లో అదే బాణీకి వేరే మాటలు పెట్టి 'యా దిల్ కీ సునో' అయింది. ఎగిరిపోయిన పాటను ఇప్పుడు కొత్తగా వింటున్నవాళ్లు 'ఇది అనుపమ పాటకి కాపీ' అంటున్నారు. పెద్దదాన్ని పట్టుకుని చిన్నదాని పోలిక అన్నట్టుంది.

రాసినవారి విషయంలో గొడవలు ఇంకా పాతవి. జైరాజ్ నటించిన 'లాల్ కిలా' (1960)లో రఫీ పాడిన 'న కిసీ కీ ఆంఖ్ కా నూర్ హూఁ' గజల్ చివరి మొగల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్‌దని తరాలుగా చెప్పుకున్నారు. అది తమ తాత ముజ్తర్ ఖైరాబాదీ రాసిందని జావేద్ అఖ్తర్ చెబుతూ వస్తున్నారు. సినిమాలో అది చక్రవర్తి వేదనగా వస్తుంది కాబట్టి జనం మనసులో జఫర్ పేరు చెరగడం కష్టం.

పాట అదే, శ్రుతి వేరు

సినిమా సెకనుకి 24 ఫ్రేములు నడుస్తుంది. మన టీవీ పద్ధతి సెకనుకి 25. ఆ లెక్కలో వీడియోకి ఎక్కించినప్పుడు సినిమా మొత్తం నాలుగు శాతం జోరుగా పరిగెత్తుతుంది. 200 సెకన్ల పాటలో 4,800 ఫ్రేములు ఉంటాయి, 25 చొప్పున పోతే 192 సెకన్లకే అయిపోతుంది. శ్రుతి కూడా ఒక స్వరస్థానంలో ముప్పావు వంతుకి కాస్త తక్కువగా పైకి లేస్తుంది. రికార్డు మీద విన్న పాట వీడియోలో సన్నగా, హడావిడిగా వినిపిస్తే ఒక కారణం ఇదే. అదేదో వేరే టేక్ అనుకుని 'అరుదైన వెర్షన్' అని పెట్టేవాళ్లున్నారు.

చిన్నాన్నకి వచ్చిన రెండో పాట కథ వేరు. అసలు రికార్డు వచ్చాక కొంత గడువు దాటితే, నోటీసిచ్చి రాయల్టీ కట్టి అదే పాటను కొత్త గొంతుతో రికార్డు చేసుకునే వీలు కాపీరైట్ చట్టంలో ఉంది. మొదట ఆ గడువు రెండేళ్లు, 2012 సవరణతో ఐదేళ్లు. 80ల్లో క్యాసెట్ కంపెనీలు ఈ వీలును బాగా వాడుకున్నాయి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఆ క్యాసెట్లే అసలు గాయకుల ఫొటోలతో తిరుగుతున్నాయి. పాత పాటలో తబలా మరీ శుభ్రంగా, ఎడమ కుడి చెవుల్లో విడివిడిగా వినిపిస్తే ఒకసారి ఆగి ఆలోచించాలి.

శుభ్రం చేయడం గురించీ రెండు వాదనలున్నాయి. చిటపటలు తీసేస్తే కొత్త తరం వింటుందని ఒక పక్షం. నిజమే, నా పలక మీద 78 టక్కులు భరించి వినేవాళ్లు ఎందరు? ఆ చప్పుడుతోపాటే సారంగి కమాను గీత, పాడేవారి ఊపిరి, గొంతు చివరి మెరుపు కూడా పోతాయని రెండో పక్షం. ఇదీ నిజమే, ఎందుకంటే అవన్నీ చప్పుడున్న ఎత్తైన స్థాయిల్లోనే ఉంటాయి. జాగ్రత్తగా చేసేవాళ్లు ముడి కాపీని అలాగే దాచి, శుభ్రం చేసినదాన్ని విడిగా ఉంచుతారు. అప్పుడు తగాదా సగం తీరుతుంది.

ఈ పాట ఇప్పుడెవరిది?

'పాతదే కదా, అందరిదీ' అనుకోవడం తొందరపాటు. ఒక పాటలో చట్టం మూడు వస్తువుల్ని చూస్తుంది: రికార్డింగు, మాటలు, బాణీ. రికార్డింగుకి విడుదలైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు. మాటలకీ బాణీకీ వాటి కర్తలు పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 50గా ఉన్న గడువును 1992 సవరణ 60 చేసింది.

అందరికీ తెలిసిన 'ఆవారా హూఁ' తీసుకుందాం. సినిమా 1951ది కాబట్టి రికార్డింగు గడువు 2011తో తీరింది. మాటలు శైలేంద్రవి, ఆయన 1966 డిసెంబర్లో పోయారు, కాబట్టి 2026 చివరిదాకా రక్షణ ఉంది. బాణీ శంకర్ జైకిషన్‌లది. జైకిషన్ 1971లో, శంకర్ 1987లో పోయారు. ఇద్దరు కలిసి చేసిన పనికి చివరగా పోయినవారి నుంచి లెక్క, అంటే 2047 దాకా. ఒకే పాట మూడు ముక్కలుగా, 36 ఏళ్ల తేడాతో విడుదలవుతుందన్నమాట. ఇక ఆ మాటలూ బాణీ హక్కు కవిదా, సంగీత దర్శకుడిదా, డబ్బిచ్చి చేయించుకున్న నిర్మాతదా అన్నది ఇంకో తగవు. 1977లో సుప్రీంకోర్టు నిర్మాత వైపు మొగ్గింది. కవులకూ సంగీత దర్శకులకూ రాయల్టీ వాటా దక్కాలని 2012 సవరణ చెప్పింది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. కర్త పేరు తెలియని రచనకి గడువు ప్రచురణ నుంచే 60 ఏళ్లు. ఎవరు రాశారో తెలియని 1940ల పాట మాటలు అలా ఎప్పుడో స్వేచ్ఛగా అయిపోయాయి. పేరున్న కవి రాసినవి ఇంకా బందీలుగానే ఉన్నాయి.

రికార్డులు పోగేసేవాళ్లకీ కంపెనీలకీ మధ్య గొడవ ఇక్కడే. మీరు తిరిగి విడుదల చేయరు, మమ్మల్ని పెట్టనివ్వరు అని పోగేసేవాళ్లు. హక్కు మాది, ఎప్పుడు తేవాలో మా ఇష్టం, పైగా మా మాస్టర్ టేపు (అసలు రికార్డింగు) ముందు మీ పలక ఎంత అని కంపెనీలు. పోగేసేవాళ్లందరూ దానకర్ణులూ కారు. పాట మధ్యలో తమ పేరు చెప్పించి ఆన్‌లైన్లో పెట్టేవాళ్లు, 'నా ఒక్కడి దగ్గరే ఉంది' అన్న తృప్తి కోసం బీరువాలో దాచేవాళ్లూ ఉన్నారు.

అన్నిటినీ వెలికి తీయాలా అని అడిగేవాళ్లకీ న్యాయం ఉంది. ఆ వేలల్లో చప్పటి పాటలు బోలెడు, ఒకే బాణీని నాలుగు సినిమాలకు తిప్పినవీ ఉన్నాయి. కాకపోతే ఏది చప్పనో తేల్చాలంటే ముందు వినాలి కదా.

మూడో పాట

అది రఫీ గొంతే. కనీసం అలాగే ఉంది. ఏ సినిమా అని వెతికితే గీత్ కోశ్‌లో ఆ మొదటి మాటలతో పాటే లేదు. రికార్డు నంబరు లేదు, లేబుల్ ఫొటో లేదు, సంగీతం ఎవరిదో పెట్టినవాడు చెప్పలేదు. నిడివి ఐదున్నర నిమిషాలు, ఏ పలక పక్కనా పట్టదు. చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి తీసుకున్న చప్పుడు ప్రతిసారీ అచ్చు ఒకేలా ఉంది. గొంతును కంప్యూటర్‌కి నేర్పించి కొత్త పాటకు అతికించారు.

మదన్‌మోహన్ 1975లో పోతే, ఆయన వాడకుండా వదిలిన బాణీలతో 2004లో 'వీర్ జారా' పాటలు చేశారు. అక్కడ బాణీ ఆయనదని, మాటలు జావేద్ అఖ్తర్‌వని, పాడినవాళ్లెవరన్నదీ అట్ట మీదే రాశారు. చిన్నాన్నకి వచ్చినదానికి అట్టే లేదు.

ఇదంతా ఫోన్ చేసి వివరంగా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"అంటే రఫీ పాడలేదంటవ్."

"పాడలేదు చిన్నాన్నా."

"పాట మంచిగనే ఉన్నది గదరా," అన్నాడు. ఫోన్లోంచి తీసేయలేదు. పేరు మాత్రం మార్చి పెట్టుకున్నాడట, 'రఫీ కాదు' అని.